సున్నా చూసుకున్నారా? ఆకాశాన్ని కొలిచే కెమెరాకి లెక్క సరిచూసే కథ

 

పెట్రోల్ బంకుకి వెళ్తారు కదా. బండి ఆపి, ట్యాంకు మూత తీసి, "రెండొందలకి కొట్టన్నా" అంటారు. అప్పుడు ఆ అన్న పైపు పెట్టే ముందు ఒక మాట అంటాడు. "సున్నా చూసుకోండి." మనలో చాలామంది అప్పటికే ఫోన్లో ఉంటాం. చూడకుండానే "ఆ, ఆ, కొట్టు" అనేస్తాం.

మా నాన్న కర్నూలు దగ్గర ఒక బంకులో పంతొమ్మిదేళ్ళు ఆ పని చేశారు. రోజుకి కొన్ని వందల సార్లు ఆ మాట అనేవారు. సెలవుల్లో నేను టిఫిన్ క్యారియర్ ఇవ్వడానికి వెళ్ళేదాన్ని. ఒకరోజు ఒకాయన గొడవకి దిగాడు. "సున్నా చూపించావు సరే. మీటర్ ఒక లీటర్ అంటే నిజంగా లీటరే పడుతోందని నమ్మకం ఏంటి?" అని. నాన్న ఏమీ అనలేదు. లోపలికెళ్ళి ఐదు లీటర్ల కొలత క్యాన్ తెచ్చారు. తూనికలు కొలతల శాఖ వాళ్ళు ముద్ర వేసిన క్యాన్ అది, ప్రతి బంకులో ఉంటుంది, అడిగితే చూపించాలి. మీటర్ మీద ఐదు వచ్చేదాకా కొట్టారు. క్యాన్ మెడ మీద గీత దగ్గర సరిగ్గా ఆగింది. ఆయన వెళ్ళిపోయాక నాన్న నాతో అన్నారు, "సున్నా సరిగ్గా ఉండటం ఒకటి, లీటర్ సరిగ్గా ఉండటం ఇంకొకటి. రెండూ విడివిడిగా చూసుకోవాలమ్మా."

చాలా ఏళ్ళ తర్వాత, ఒక ల్యాబ్‌లో, రాత్రి పన్నెండింటికి, గామా కిరణాల టెలిస్కోప్ కెమెరాలో వాడే లాంటి ఒక ఎలక్ట్రానిక్ బోర్డు ముందు కూర్చుని నేను ఆ మాట మర్చిపోయాను. ఇవాళ చెప్పబోయేది ఆ కథే. కథ అర్థం కావాలంటే ముందు కెమెరా అర్థం కావాలి. పదండి, మెల్లగా వెళ్దాం.

గామా కిరణం అంటే ఏంటి? అది కూడా వెలుతురే. కానీ మహా శక్తి ఉన్న వెలుతురు. మన కంటికి కనిపించే వెలుతురు కణం, అంటే ఫోటాన్, దాని శక్తి దాదాపు 2 ఎలక్ట్రాన్ వోల్టులు. ఈ టెలిస్కోపులు వెతికేవి టెరా ఎలక్ట్రాన్ వోల్టుల స్థాయివి. మామూలు ఫోటాన్ కన్నా దాదాపు యాభై వేల కోట్ల రెట్లు. ఇంత శక్తి మామూలు వేడి వల్ల రాదు. పేలిపోయిన నక్షత్రాల శిథిలాలు, గెలాక్సీల మధ్యలో కూర్చున్న పెద్ద బ్లాక్ హోల్స్, అలాంటి చోట్ల నుంచి వస్తుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. గామా కిరణం నేల దాకా రాదు. మన వాతావరణం ఆపేస్తుంది. అది మనకి మంచిదే, బతికున్నాం. మరి నేల మీద టెలిస్కోప్ పెట్టి ఏం చూస్తారు?

గామా కిరణం పైన గాలిలోని పరమాణువుల దగ్గరికి రాగానే ఒక ఎలక్ట్రాన్, ఒక పాజిట్రాన్‌గా మారుతుంది. అవి మళ్ళీ గామాలని పుట్టిస్తాయి, ఆ గామాలు మళ్ళీ ఎలక్ట్రాన్లని. ఒకటి రెండై, రెండు నాలుగై, ఆకాశంలో కణాల జల్లు కురుస్తుంది. ఈ కణాలు గాలిలో వెలుతురు వెళ్ళే వేగం కన్నా ఎక్కువ వేగంతో పోతాయి. ఆగండి, ఐన్‌స్టీన్‌కి కోపం రాదు. శూన్యంలో వెలుతురు వేగాన్ని ఎవరూ దాటలేరు, కానీ గాలిలో వెలుతురు కొంచెం నెమ్మదిస్తుంది. ఆ నెమ్మది వేగాన్ని దాటొచ్చు. అలా దాటినప్పుడు నీలి రంగు వెలుతురు పుడుతుంది. దాన్నే చెరెంకోవ్ కాంతి అంటారు. పావెల్ చెరెంకోవ్‌కి, దాన్ని లెక్కలతో వివరించిన ఫ్రాంక్, టామ్‌లకి 1958లో నోబెల్ వచ్చింది.

ఈ నీలి మెరుపు నేల మీద దాదాపు 250 మీటర్ల వెడల్పున పడుతుంది. ఎంతసేపు ఉంటుంది? కొన్ని నానోసెకన్లు. నానోసెకను అంటే సెకనులో వంద కోట్లో వంతు. ఆ టైములో వెలుతురు ఎంత దూరం వెళ్తుందో తెలుసా? 30 సెంటీమీటర్లు. మీ స్కూల్ బ్యాగులో ఉండే స్కేలు పొడవు. అంతే. మీరు కన్ను మూసి తెరిచే లోపు ఇలాంటి మెరుపులు కోట్ల కొద్దీ వరసగా పెట్టొచ్చు.

దీన్ని మొదట పట్టింది ఎలాగో వింటే నవ్వొస్తుంది. 1952లో ఇంగ్లండ్‌లోని హార్వెల్‌లో గాల్‌బ్రైత్, జెల్లీ అని ఇద్దరు. ఒక చెత్త డబ్బా తీసుకుని, అడుగున అద్దం పెట్టి, దాని ఫోకస్ దగ్గర ఒక ఫోటోమల్టిప్లయర్ ట్యూబ్ పెట్టి, చీకట్లో ఆకాశం వైపు తిప్పారు. మెరుపులు దొరికాయి. అక్కడి నుంచి 1989కి వస్తే, అమెరికాలో అరిజోనాలోని విపుల్ టెలిస్కోప్. 10 మీటర్ల అద్దం, 37 పిక్సెల్స్ ఉన్న కెమెరా. దాంతోనే క్రాబ్ నెబ్యులా నుంచి గామా కిరణాలు వస్తున్నాయని గట్టిగా తేల్చారు. క్రాబ్ అంటే 1054లో చైనా వాళ్ళు చూసి రాసిపెట్టిన నక్షత్రం పేలుడు, దాని శిథిలం.

ముప్పై ఏడు పిక్సెల్స్! మీ ఫోన్లో కోట్లు ఉంటాయి. అయినా ఫోన్ కెమెరా ఆ పని చెయ్యలేదు, ఎందుకంటే నానోసెకన్లలో జరిగేదాన్ని అది పట్టలేదు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. లద్దాఖ్‌లో హాన్లే అనే ఊరు. సముద్ర మట్టానికి దాదాపు 4,300 మీటర్ల ఎత్తు. అక్కడ మేస్ అనే టెలిస్కోప్ ఉంది. దాని అద్దాల పళ్ళెం వెడల్పు 21 మీటర్లు. 2024 అక్టోబర్ 4న ప్రారంభించారు. దాన్ని బార్క్ కోసం తయారు చేసింది ఎవరో తెలుసా? మన హైదరాబాద్‌లోని ఈసీఐఎల్. బస్సు బోర్డు మీద "ఈసీఐఎల్ ఎక్స్ రోడ్స్" అని చదివి ఎక్కేస్తాం కదా, ఆ ఈసీఐఎలే. మేస్ కెమెరాలో 1,088 పిక్సెల్స్, 16 చొప్పున 68 మాడ్యూల్స్. ప్రతి పిక్సెల్ ఒక ఫోటోమల్టిప్లయర్ ట్యూబ్. ఒక ఫోటాన్ వచ్చి తగిలితే ఒక ఎలక్ట్రాన్ ఊడుతుంది, దాన్ని ఫోటోఎలక్ట్రాన్ అంటారు. ట్యూబ్ ఆ ఒక్కదాన్ని కొన్ని పదుల వేల ఎలక్ట్రాన్లుగా పెంచి బయటికి పంపుతుంది.

సరే, సిగ్నల్ వచ్చింది. ఇప్పుడు దాన్ని నంబరుగా మార్చాలి. నానోసెకనుకి ఒక కొలత కావాలి, అంటే సెకనుకి వంద కోట్ల కొలతలు, అది కూడా వెయ్యికి పైగా పిక్సెల్స్‌కి ఒకేసారి. నేరుగా ఆ వేగంతో డిజిటల్ చేసే చిప్పులు ఉన్నాయి, కానీ ఖర్చు, కరెంటు, వేడి, అన్నీ ఎక్కువ. అందుకని ఒక తెలివైన దారి కనిపెట్టారు. స్విట్జర్లాండ్‌లోని పాల్ షెరర్ ఇన్‌స్టిట్యూట్‌లో తయారైన చిప్ అది, పేరు డీఆర్ఎస్4. మేస్‌లో అదే, కెనరీ దీవుల్లో లా పాల్మా మీదున్న మ్యాజిక్ టెలిస్కోపుల్లో అదే, అక్కడే ఉన్న 23 మీటర్ల ఎల్ఎస్‌టీ-1 లోనూ అదే.

అది ఎలా పని చేస్తుందో ఒక బొమ్మ ఊహించుకోండి. గుండ్రంగా 1,024 బిందెలు పేర్చారు. పైన ఒక కుళాయి గిరగిరా తిరుగుతోంది. ఒక్కో బిందె మీద ఒక నానోసెకను ఆగి, ఆ క్షణంలో వచ్చే నీళ్ళు దాంట్లో పోసి ముందుకి పోతుంది. చుట్టు పూర్తయితే మళ్ళీ మొదటి బిందె దగ్గరికొచ్చి, పాత నీళ్ళు పోయి కొత్తవి నిండుతాయి. అంటే ఎప్పుడు చూసినా గత మైక్రోసెకను కథ బిందెల్లో ఉంటుంది. "మెరుపు వచ్చింది!" అని ట్రిగ్గర్ అరవగానే కుళాయి ఆగుతుంది. అప్పుడు కావల్సిన కొన్ని బిందెల్లో ఎన్ని నీళ్ళున్నాయో తీరిగ్గా కొలుస్తారు. బిందెలంటే నిజానికి చిన్న చిన్న కెపాసిటర్లు. నీళ్ళంటే విద్యుత్ ఆవేశం.

బాగుంది కదా? కష్టాలు ఇక్కడి నుంచే.

మొదటి కష్టం. ఏ రెండు బిందెలూ ఒకేలా ఉండవు. ఏ సిగ్నలూ లేకపోయినా ఒక బిందె 12 చూపిస్తుంది, పక్కది 31 చూపిస్తుంది. కాబట్టి ప్రతి బిందెకీ దాని సొంత సున్నా కనుక్కోవాలి. దీన్ని పెడెస్టల్ అంటారు. కెమెరా మూత వేసి, వెలుతురు లేకుండా వేల సార్లు చదివి, ఒక్కో కెపాసిటర్‌కి సగటు తీస్తారు. ఎన్ని ఉంటాయో లెక్కేద్దామా? ఎల్ఎస్‌టీ-1 కెమెరాలో 1,855 పిక్సెల్స్. అక్కడ నాలుగు వరసలు కలిపి వాడతారు కాబట్టి ఒక్కో పిక్సెల్‌కి 4,096 కెపాసిటర్లు. చిన్న సిగ్నల్‌కి ఒక దారి, పెద్ద సిగ్నల్‌కి ఇంకో దారి, అంటే రెండింతలు. గుణించండి. 1,51,96,160. ఒక కోటీ యాభై ఒక్క లక్షల సున్నాలు! "సున్నా చూసుకోండి" అని అన్నిసార్లు అనాలన్నమాట.

రెండో కష్టం. ఇది కొంచెం గమ్మత్తుగా ఉంటుంది, జాగ్రత్తగా వినండి, నా తప్పు ఇక్కడే ఉంది. ఇప్పుడే వంపిన బిందె అడుగున తడి ఉంటుంది. నిన్న వంపిన బిందె ఎండిపోయి ఉంటుంది. అలాగే ఈ కెపాసిటర్ సున్నా కూడా, దాన్ని చివరిసారి చదివి ఎంతసేపయింది అన్నదాని మీద ఆధారపడుతుంది. చాలాసేపైతే ఒక విలువ దగ్గర స్థిరపడుతుంది. ఇప్పుడిప్పుడే చదివి ఉంటే కాస్త జరిగి ఉంటుంది. అందుకని ఒక్కో కెపాసిటర్‌ని చివరిగా ఎప్పుడు చదివారో గుర్తు పెట్టుకుని, ఆ సమయాన్ని బట్టి దిద్దుతారు.

మూడోది టైమ్. కుళాయి ఒక్కో బిందె మీద సరిగ్గా నానోసెకను ఆగదు. ఒకచోట కాస్త ఎక్కువ, ఒకచోట కాస్త తక్కువ. ఒకే టైముకి వచ్చే వెలుతురు పల్స్ పంపించి, కొలత ఏ కెపాసిటర్ దగ్గర మొదలైంది అన్నదాన్ని బట్టి రాక సమయం ఎంత జరుగుతుందో చూసి దిద్దుతారు. ఈ టైమ్ ఎందుకంటే, జల్లు కెమెరా మీద ఏ వైపు నుంచి ఏ వైపుకి పరిగెత్తిందో చెప్పేది, ఆకాశం సొంత వెలుతురు నుంచి మెరుపుని వేరు చేసేది అదే.

ఇవన్నీ సున్నా లెక్కలు, గడియారం లెక్కలు. ఇక లీటర్ లెక్క. ఐదు లీటర్ల క్యాన్ లెక్క.

ఎలక్ట్రానిక్స్ నాకు "5,000" అని నంబర్ ఇచ్చింది అనుకోండి. ఐదు వేల ఏంటి? ఎన్ని ఫోటోఎలక్ట్రాన్లు? దానికి అద్దాల మధ్య నుంచి కెమెరా మీదకి సమానంగా అతినీలలోహిత లేజర్ పల్సులు కొడతారు. ఆ వెలుతురులో సగటున ఎన్ని ఫోటోఎలక్ట్రాన్లు వస్తాయో మనకి ముందే తెలియదు. మరి ఎలా కనుక్కోవాలి? ఇక్కడే అందమైన కిటుకు ఉంది. లెక్కపెట్టగలిగేవి ఏవైనా యాదృచ్ఛికంగా పడుతుంటే, సగటున 100 పడితే, ఒక్కోసారి 90, ఒక్కోసారి 110, అలా దాదాపు 10 అటూ ఇటూ ఊగుతాయి. సగటున 10,000 పడితే 100 ఊగుతాయి. అంటే ఊగుడు ఎంత ఉందో చూసి, అసలు ఎన్ని పడ్డాయో చెప్పొచ్చు! వాన చినుకులు రేకు మీద పడే చప్పుడు విని, పెద్ద చినుకులు కొన్నా, చిన్న తుంపర్లు ఎన్నో అని చెప్పినట్టు.

సూత్రం ఇంతే. సగటుని దానితోనే గుణించి, వ్యాప్తితో, అంటే వేరియన్స్‌తో భాగించాలి. ట్యూబ్ తనంతట తాను కొంచెం ఊగుడు కలుపుతుంది కాబట్టి 1.2 దగ్గరి ఒక అంకెతో గుణించాలి. సగటు 5,000, వేరియన్స్ 3,00,000 అనుకుందాం. 5,000 ఇంటూ 5,000 అంటే రెండున్నర కోట్లు. దాన్ని 1.2తో గుణిస్తే మూడు కోట్లు. మూడు లక్షలతో భాగిస్తే 100. సో, 5,000 అంటే 100 ఫోటోఎలక్ట్రాన్లు. ఒక్కోదానికి 50 కౌంట్లు. క్యాన్ నిండింది.

కానీ ఒక షరతు ఉంది. ఆ ఊగుడు అంతా వెలుతురుదే అయి ఉండాలి. ఎలక్ట్రానిక్స్ సొంత ఊగుడు ఎంతో వేరేగా కొలిచి తీసెయ్యాలి. అది కొలిచేది ఎక్కడ? పెడెస్టల్ రన్‌లోనే.

ఇప్పుడు నా కథ.

నేను ప్రాజెక్ట్ ట్రైనీగా చేరిన ల్యాబ్‌లో మాడ్యూల్స్ ఒక్కొక్కటే టెస్ట్ చేసేవాళ్ళం. పెడెస్టల్ రన్ తియ్యి, తర్వాత ఎల్ఈడీ పల్సులు కొట్టు, ఒక్కో పిక్సెల్‌కి "ఫోటోఎలక్ట్రాన్‌కి ఇన్ని కౌంట్లు" అని నంబర్ రాసి పంపు. నాకంటే ముందున్నవాళ్ళు వదిలిన స్క్రిప్ట్ ఉంది. పెడెస్టల్ సెకనుకి 10 సార్లు తీస్తుంది, ఎల్ఈడీ సెకనుకి 500 సార్లు కొడుతుంది. ఎందుకలా అని నేను అడగలేదు. నడుస్తోంది కదా, నడవనీ. పన్నెండు మాడ్యూల్స్ అలాగే చేశాను. టేబుల్ పంపేశాను. మీటింగ్‌లో చూపించాను కూడా. అందరూ బాగుందన్నారు.

నాలుగు రోజుల తర్వాత, రాత్రి, పదమూడో మాడ్యూల్. కంప్యూటర్‌లో డిస్క్ నిండిపోవచ్చింది. ఇంటికెళ్ళాలి, ఆకలి. డేటా తక్కువ రావాలని ఎల్ఈడీ వేగం కూడా సెకనుకి 10కి తగ్గించేశాను. నంబర్ వచ్చింది. 100 ఫోటోఎలక్ట్రాన్లు. మీకు సులువుగా ఉండాలని గుండ్రంగా చెప్తున్నా. అదే మాడ్యూల్‌కి సాయంత్రం 500 వేగంతో తీస్తే 83 వచ్చింది.

ముందు ఎల్ఈడీ మీద అనుమానం వచ్చింది. వేగంగా కొడితే వేడెక్కి వెలుతురు తగ్గిందేమో. పక్కన ఒక ఫోటోడయోడ్ ఉంది, వెలుతురు మీద కన్నేసి ఉంచడానికి. అది చూస్తే రెండుసార్లూ వెలుతురు ఒకటే. సిగ్నల్ సగటు చూశాను, దాదాపు అక్కడే ఉంది. మారింది వెడల్పు. వేరియన్స్ 3,00,000 ఉండాల్సింది 3,60,000 అయింది. మూడు కోట్లని దాంతో భాగించండి. 83.

వెలుతురు మారలేదు. మరి అదనపు 60,000 ఎక్కడిది? తడి బిందెలది. పెడెస్టల్‌ని నెమ్మదిగా తీశాను కాబట్టి బిందెలన్నీ ఎండిపోయి ఉన్నాయి, సున్నాలు నిలకడగా ఉన్నాయి. ఎల్ఈడీ వేగంగా కొట్టేసరికి కొన్ని బిందెలు అప్పుడే వంపినవి, కొన్ని ఎప్పుడో వంపినవి. వాటి సున్నాలు అటూ ఇటూ జరుగుతున్నాయి. ఆ జరుగుడుని నా సూత్రం వెలుతురు ఊగుడు అనుకుంది. ఊగుడు ఎక్కువ కాబట్టి "తక్కువ చినుకులు, పెద్ద చినుకులు" అని తీర్పు చెప్పేసింది. ఫోటోఎలక్ట్రాన్‌కి 50 కౌంట్లు అనాల్సింది 60 అంది. సమయాన్ని బట్టి సున్నా దిద్దాలి అని చెప్పాను చూడండి, ఆ దిద్దుబాటు ఆ స్క్రిప్ట్‌లో లేనే లేదు.

"పోనీలే, పదిహేడు శాతమే కదా" అనిపించొచ్చు. ఆ నంబర్‌తో నిజం కెమెరా నడిస్తే ఏమవుతుందో చూడండి. ప్రతి జల్లు వెలుతురూ తక్కువగా కనిపిస్తుంది. అంటే ప్రతి గామా కిరణం శక్తి పదిహేడు శాతం తక్కువ అనుకుంటాం. గామా కిరణాల్లో శక్తి పెరిగే కొద్దీ సంఖ్య చాలా నిటారుగా పడిపోతుంది. ఆ వాలు 2.6 అనుకుంటే, ఒక శక్తి దగ్గర ఎన్ని గామాలు వచ్చాయి అన్న లెక్కలో దాదాపు పాతిక శాతం తేడా వస్తుంది. ఎక్కడో ఆరున్నర వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న క్రాబ్ నెబ్యులా పాతిక శాతం మసకబారిపోయినట్టు. క్రాబ్‌కి ఏమీ కాలేదు. నా స్క్రిప్ట్‌కి అయింది.

నిజం టెలిస్కోప్‌లో ఇలాంటివి పట్టుకోవడానికి ఇంకో క్యాన్ ఉంది, అది కూడా చెప్పాలి. మ్యువాన్ అనే కణాలు ఆకాశం నుంచి ఎప్పుడూ కురుస్తుంటాయి. ఒక మ్యువాన్ అద్దం మీదుగా పోతే కెమెరాలో గుండ్రని ఉంగరం పడుతుంది. ఆ ఉంగరం సైజుని బట్టి ఎంత వెలుతురు రావాలో లెక్క కట్టొచ్చు. వచ్చిందానితో పోల్చి చూస్తారు. అద్దం మీది దుమ్ము నుంచి ఎలక్ట్రానిక్స్ దాకా, మొత్తం వ్యవస్థకి ఆకాశమే ఉచితంగా పంపే కొలత క్యాన్ అది. కాబట్టి ఎక్కడో ఒకచోట నా తప్పు దొరికేదే. కానీ అప్పటికి ఎంతమంది, ఎన్ని నెలలు, ఎక్కడ వెతికేవాళ్ళో.

ఆ రాత్రి నాకు వచ్చిన మొదటి ఆలోచన ఏంటో దాచకుండా చెప్తాను. "పదమూడో దాన్నుంచి సరిగ్గా చేద్దాం, పాతవి ఎవరు చూస్తారు." వచ్చే వారమే రివ్యూ. నా ప్రాజెక్ట్ గడువు పొడిగించాలా వద్దా అనేది కూడా అప్పుడే తేలుస్తారు. టేబుల్ తప్పు అని నేనే చెప్తే? హాస్టల్‌కి వెళ్ళి పడుకున్నా నిద్ర పట్టలేదు. పొద్దున్నే నాన్నకి ఫోన్ చేశాను. ఇవన్నీ ఆయనకి ఎలా చెప్పాలో తెలీక, "నాన్నా, క్యాన్‌లో కొలిస్తే తక్కువ వచ్చిందనుకో, అప్పుడు మీరేం చేసేవాళ్ళు?" అని అడిగాను.

"ఏముందమ్మా, ఆ పంపు ఆపేసి, పని చేయడం లేదని బోర్డు పెట్టేస్తాం. మనిషొచ్చి బాగు చేసి సీలు వేసి పోతాడు. మళ్ళీ మొదలు."

"అందరూ చూస్తారు కదా, సిగ్గుగా ఉండదా?"

"బోర్డు పెట్టడానికి సిగ్గేముంది? పెట్టకుండా అమ్మితేనే సిగ్గు."

మేడం గదికి వెళ్ళాను. రెండు ప్లాట్లు పక్కపక్కన పెట్టాను. ఆవిడ ఒక నిమిషం చూశారు. "ఈ స్క్రిప్ట్ ఎన్ని మాడ్యూల్స్‌కి వాడావు?"

"పన్నెండు మేడం."

"పన్నెండూ మళ్ళీ తియ్యాలి. ముందు అందరికీ మెయిల్ పెట్టు, పాత టేబుల్ వాడొద్దని. తర్వాత వచ్చి టీ తాగు."

అంతే. తిట్టలేదు. మెచ్చుకోనూ లేదు. మెయిల్ రాయడానికి నాకు గంటన్నర పట్టింది, నాలుగు లైన్లకి. రివ్యూ మూడు వారాలు వెనక్కి పోయింది, దానికి కొంతమంది విసుక్కున్నారు. నా గడువు ఆరు నెలలు పెంచుతారనుకుంటే మూడు నెలలు పెంచారు. ఆ మూడు నెలల్లో పన్నెండు మాడ్యూల్సూ మళ్ళీ తీశాను. ఈసారి పెడెస్టల్, ఎల్ఈడీ రెండూ ఒకే వేగంతో, సమయం దిద్దుబాటుతో. తర్వాత వేగం మార్చి మార్చి చూశాను. 100, 99, 101. వేగం ఏదైనా నంబర్ కదల్లేదు. ఆ రోజు హాస్టల్ మెస్‌లో సాంబార్ కూడా బాగున్నట్టు అనిపించింది.

దీన్నుంచి నేను నేర్చుకున్నవి రెండు. ఒకటి, కొలిచేటప్పుడు సున్నాని ఏ పరిస్థితుల్లో తీశామో, అసలు కొలతని కూడా అవే పరిస్థితుల్లో తియ్యాలి. అందుకే పెద్ద టెలిస్కోపుల్లో ముందొకసారి సున్నా తీసుకుని ఊరుకోరు. రాత్రంతా, అసలు పరిశీలన నడుస్తుండగానే, మధ్య మధ్యలో పెడెస్టల్సూ లేజర్ పల్సులూ కలుపుతూనే ఉంటారు. వేడి మారుతుంది, ఆకాశం వెలుతురు మారుతుంది, పిక్సెల్ మీదకి ఒక నక్షత్రం జరిగొస్తుంది. సున్నా కూడా మారుతుంది. రెండోది, మారకూడనిది ఏదో ఒకటి ఎంచుకుని, మిగతావి మార్చి చూడండి. వెలుతురు మారకుండా వేగం మారిస్తే నంబర్ మారిందంటే, తప్పు మన దగ్గరే ఉంది.

వెళ్ళే ముందు మీకు ఒక పని. రాత్రి గదిలో లైట్లు ఆపండి. ఫోన్ కెమెరా ప్రో మోడ్‌లో పెట్టి, ఐఎస్ఓ బాగా పెంచి, ఎక్స్‌పోజర్ కొన్ని సెకన్లు పెట్టండి. లెన్స్‌ని నల్ల గుడ్డతో గట్టిగా మూసి ఫోటో తియ్యండి. ఫోటోని బాగా జూమ్ చేసి చూడండి. పూర్తి నలుపు ఉండాలి కదా? కొన్ని ఫోన్లలో అక్కడక్కడా రంగు రంగుల చుక్కలు కనిపిస్తాయి. కొన్ని ఫోన్లు వాటిని ముందే తుడిచేస్తాయి, అంటే మీ ఫోన్ తన సున్నా తనే చూసుకుంటోందన్నమాట. ఫోన్‌ని కాసేపు వాడి వేడెక్కాక మళ్ళీ తియ్యండి. చుక్కలు పెరిగాయా, అక్కడే ఉన్నాయా? ఏం కనిపించిందో కింద రాయండి, అన్నీ చదువుతాను.

నాన్న ఇప్పుడు రిటైర్ అయ్యారు. మొన్న ఊరెళ్ళినప్పుడు ఇద్దరం బండి మీద బంకుకి వెళ్ళాం. కొత్త కుర్రాడు, "సున్నా చూసుకోండి సార్" అన్నాడు. నాన్న ఫోన్ జేబులో పెట్టేసి, కళ్ళజోడు సర్దుకుని, మీటర్ వైపు వంగి చూశారు. "ఆ, చూశాను బాబూ. కొట్టు."

మీరూ ఈసారి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.